రంగుల కంటే ముందు కసిమి కుండ

చిన్నీ,

ఉద్యోగం చేసుకుంటూనే కలంకారీ నేర్చుకుంటానని నువ్వు ఫోన్లో అన్నప్పటి నుంచి నా కాలు నేల మీద నిలవడం లేదు. నలభై ఏళ్లుగా శ్రీకాళహస్తి పద్ధతిలో వేస్తున్నదాన్ని కాబట్టి చెప్తున్నా, ఇప్పుడే రంగులు కొనకు. మొదటి రెండు నెలలూ గుడ్డ, నలుపు, అంతే.

గాడా గుడ్డని, అంటే ముతక నూలు గుడ్డని, గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి, పిండి ఆరెయ్. ఇల్లంతా పాల వాసన వస్తుంది, పట్టించుకోకు. గీత పక్కకి పాకకుండా పట్టి ఉంచేది ఆ పాలలోని కొవ్వే. కొత్తలో నేను పాలు దండగ అనుకుని ఉత్త కరక్కాయ నీళ్లలో ముంచాను, వారం కూర్చుని గీసిన నెమలి మెడ చుట్టూ నలుపు ఊరిపోయి ఈకలన్నీ ఒకటే ముద్ద అయ్యాయి. ఆ గుడ్డ ఇంకా దాచే ఉంచా, వచ్చినప్పుడు చూద్దువుగాని.

నలుపుకి తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు ఊరనివ్వాలి. అదే కసిమి. మామూలు గుడ్డ మీద పెడితే తుప్పు మరకే మిగులుతుంది, కరక్కాయ పట్టిన గుడ్డ మీదైతే ఆ వగరూ ఇనుమూ కలిసి నల్లబడుతుంది.

కలం నువ్వే చేసుకో. వెదురు పుల్ల మొన చెక్కి, కొంచెం పైన ఉన్ని గుడ్డ ఉండలా చుట్టి దారంతో బిగించు. కసిమిలో ముంచాక ఆ ఉండని వేళ్లతో నొక్కుతూ ఉంటే రంగు మొనకి దిగుతుంది. ఎంత నొక్కాలో చేతికి తెలియడానికి నెలలు పడుతుంది, టెన్షన్ పడకుండా రోజూ గీతలు గీయి.

ఎరుపు వేసే రోజు మాత్రం నేను పక్కన ఉండాలి. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూస్తాం, పూశాక అక్కడ ఎరుపు జాడే కనపడదు. పారే నీళ్లలో బాగా జాడించి ఎర్ర రంగునిచ్చే మంజిష్ఠ వేరు వేసి ఉడికిస్తుంటే, కర్రతో గుడ్డ పైకెత్తిన ప్రతిసారీ పటిక తగిలిన చోట ఎరుపు ఇంకాస్త చిక్కబడి కనిపిస్తుంది, ఎన్నేళ్లయినా అప్పుడు నా గుండె ఝల్లుమంటుంది. జాడించడంలో బద్ధకించావో, పటిక పక్కకి అంటుకుని బొమ్మంతా మసకబారుతుంది.

వీడియోలు చూడు, కాదనను, కానీ గురువు ఎదురుగా కూర్చుని నేర్చుకో. 1950లలో చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకుని శ్రీకాళహస్తిలో శిక్షణ పెట్టించబట్టే ఈ విద్య నా దాకా వచ్చింది.

కుండ ఈ ఆదివారమే పెట్టెయ్. పాత మేకులు పారెయ్యొద్దని మీ అమ్మకి చెప్పు.

పెద్దమ్మ