అందరి పనీ కాదు తమ్ముడూ, ఒక్క పని పట్టుకో

తమ్ముడూ, విశాఖ పోర్టు దగ్గర సరుకుల కస్టమ్స్ కాగితాలు చూసే క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో మూడేళ్లుగా డేటా ఎంట్రీ చేస్తున్నానని, జిరాక్సుల నుంచి పక్కవాళ్ల ఫైళ్ల దాకా ఎవరేం చెప్పినా చేస్తున్నా జీతం కదలట్లేదని రాశావు. చదివి బాధేసింది, నేనూ గాజువాకలో ఒక ఆఫీసులో నాలుగేళ్లు ఇలాగే గడిపాను.

నువ్వు ఎక్కువ పని చేస్తున్నావు, పైమెట్టు పని మాత్రం చేయట్లేదు. మీ ఓనరుకు టెన్షన్ ఎక్కడుందో చూడు. దిగుమతి సరుకుకు కస్టమ్స్‌లో వేసే బిల్ ఆఫ్ ఎంట్రీ ఆలస్యమైతే మొదటి 3 రోజులు రోజుకు 5,000 రూపాయలు, ఆ తర్వాత రోజుకు 10,000 పడుతుంది, ఇక కంటైనర్‌ను ఉచితంగా ఉంచుకోనిచ్చే ఫ్రీ డేస్ దాటితే షిప్పింగ్ లైన్ వేసే డిటెన్షన్ ఛార్జీ వేరే, సరుకు తెప్పించుకున్న పార్టీ ఫోన్ చేసి అరిచేది అప్పుడే. అందుకే ఓడ రాకముందే ఏ ఇన్‌వాయిస్ అందలేదో, ఏ కాగితం తక్కువైందో రోజూ పొద్దున్నే ఒక షీటు చేసి ఆయన టేబుల్ మీద పెట్టు. ముందు ఆయన్ని అడిగే మొదలుపెట్టు. ఎన్ని పెనాల్టీలు తప్పాయో తేదీలతో రాసుకో.

ఈలోగా కస్టమ్స్ వాళ్లు ఏజెంట్ల ఉద్యోగులకు పెట్టే జీ కార్డు పరీక్షకు చదువు. 2018 కస్టమ్స్ బ్రోకర్ల రెగ్యులేషన్స్ ప్రకారం డిక్లరేషన్ల మీద సంతకం పెట్టే అధికారం ఆ కార్డున్న ఉద్యోగికి ఇవ్వొచ్చు, పరీక్ష పాసవకుండా వచ్చే హెచ్ కార్డుతో రాదు.

మూడు నెలలయ్యాక ఆ లెక్క పట్టుకెళ్లి జీతం సంగతి నేరుగా మాట్లాడు, మొహమాటపడకు. పాత చిల్లర పనులు ఎవరికి అప్పగించాలో కూడా అప్పుడే తేల్చుకో, లేకపోతే రెండూ నీ నెత్తినే ఉంటాయి. అప్పటికీ కాదంటే, పరీక్ష పాసైంది నువ్వు కదా, వేరే ఏజెన్సీలో అడుగు.