జాజ్ ఓనమాలు తెలియనివాళ్ళు ‘హెడ్ హంటర్స్’ మొదటిసారి ఎలా వినాలి?

మీ ప్రశ్నలోనే సగం జవాబుంది. ఫ్రెండ్ పంపిన ఆల్బమ్ ‘హెడ్ హంటర్స్’ ఫోన్‌లో పెట్టారు, అమెరికా జాజ్ పియానిస్టు హెర్బీ హాన్‌కాక్ 1973లో చేసింది. మొదటి పాటే పావుగంట, పాడేవాళ్ళు లేరు, ఒకటే ముక్క తిరిగి తిరిగి వస్తోంది, కాసేపటికి ఆపేశారు. జాజ్ తెలియనివాళ్ళు దీన్ని ఎలా వినాలని అడిగారు. జాజ్ సంగతి తర్వాత, ముందు ఆ ఫోన్ స్పీకర్ సంగతి తేల్చుకుందాం.

నేను హన్మకొండలో ఆర్కెస్ట్రాకు ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయిస్తాను. పెళ్ళిళ్ళు, బతుకమ్మ, వినాయక నిమజ్జనం, ఏదొస్తే అది. బేస్ బాక్సులు దిగకుండా మా దగ్గర ఎవరూ కర్ర ముట్టుకోరు. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అట్టడుగు స్వరం దాదాపు 41 హెర్ట్జ్, అంటే తీగ సెకనుకు 41 సార్లు ఊగుతుంది. ఫోన్‌లో ఉండే గోరంత స్పీకర్ అంత కిందికి దిగలేదు. ఈ ఆల్బమ్ మొత్తాన్ని బేస్ మీదే నిలబెట్టారు. అది వినపడకపోతే మిగిలేది పైపై కిచకిచలే, బోర్ కొట్టక ఏం చేస్తుంది? మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. లేదంటే బండాపి కార్లో వినండి. డోరు మీద చెయ్యి పెడితే బేస్ చేతికి తగలాలి, అంత సౌండ్ చాలు.

ఇప్పుడు మొదటి పాట, ‘కమీలియన్’. మొదలయ్యేది ఒక్క బేస్‌తోనే. అది బేస్ గిటార్ కాదు, ఏఆర్‌పీ ఒడిస్సీ అనే సింథసైజర్ (కరెంటుతో శబ్దం పుట్టించే కీబోర్డు) మీద హాన్‌కాక్ తానే వాయించాడు. దాని మీదికి హార్వీ మేసన్ డ్రమ్స్ దిగుతాయి. మన చెవికి పల్లవి, చరణం, మధ్యలో మ్యూజిక్ బిట్టు అలవాటు. అందుకే పాడేవాడు ఎప్పుడొస్తాడా అని కాచుకుని కూర్చుంటుంది. ఇక్కడ వాడు రాడు. ఆ బేస్ ముక్కను మీరు నోటితో అనగలిగేదాకా పైన ఎవరేం వాయిస్తున్నారో అస్సలు పట్టించుకోకండి. నాలుగు లెక్కలో తొడ మీద కొట్టుకుంటూ పోండి. బేస్ మొదలయ్యేది ‘ఒకటి’ మీద కాదని తెలుస్తుంది. దానికి ముందే మెట్లెక్కుతూ వచ్చి ‘ఒకటి’ మీద వాలుతుంది. ఆ వాలడం దొరికిందా, పాట సగం దొరికినట్టే.

ఇంకో సంగతి. మధ్యమధ్యలో ‘చిక్ చిక్’మని గిటార్ గీరినట్టు వినపడుతుంది చూడండి. ఈ ఆల్బమ్‌లో గిటారిస్టే లేడు. ఆ పని క్లావినెట్ చేస్తుంది. చూడ్డానికి కీబోర్డే, కానీ లోపల తీగలుంటాయి, ఎలక్ట్రిక్ గిటార్‌కున్నట్టే తీగ ఊపును పట్టి స్పీకర్‌కు పంపే పికప్‌లుంటాయి. మీట నొక్కితే లోపల తీగ మీద దెబ్బ పడుతుంది. మన దప్పు వాయించేవాళ్ళను దగ్గర నుంచి చూసే ఉంటారు: కుడిచేతి సిర్రతో దరువు నడిపిస్తారు, ఎడమచేతి సిటికెనతో సందుల్లో చిటపటలు పెడతారు. ఇక్కడ సిర్ర బేస్, సిటికెన క్లావినెట్. రెండింటినీ విడదీసి వినడం వచ్చాక బెన్నీ మాపిన్ సాక్సోఫోన్ వైపు వెళ్ళండి, అప్పటిదాకా ఆయన ఆగుతాడు.

సగం దాటేసరికి ఆ బేస్ పక్కకు తప్పుకుని పాట వేరే దారి పడుతుంది. హాన్‌కాక్ ఫెండర్ రోడ్స్ అనే ఎలక్ట్రిక్ పియానో మీదికి మారతాడు. లోపల సన్నటి లోహపు పుల్లల్ని చిన్న సుత్తులు కొడుతుంటాయి, అందుకే ఆ శబ్దానికి గంట మోగినట్టు ఒక మెత్తదనం. చివర్లో పాత బేస్ తిరిగొచ్చినప్పుడు మీకు హమ్మయ్య అనిపిస్తే మీరు ఈ పాటను సరిగ్గానే విన్నారు. దీన్నే బాగా కత్తిరించి సింగిల్‌గా కూడా వదిలారు, దాని జోలికి మాత్రం పోకండి.

రెండోది ‘వాటర్‌మెలన్ మ్యాన్’. నేనిది ఇంట్లో గట్టిగా పెట్టుకుని వింటుంటే పక్కగదిలోంచి మా బాపు గొంతు. కాజీపేటలో రైల్వేలో చేసి రిటైరైనాయన, జాజ్ అన్న మాటే ఎరగడు. “గదేందిరా, ఎవడో సీసల ఊదుతుండు?” అన్నాడు. నిజంగానే అది సీసా. బ్యాండ్‌లో తాళవాద్యాలు వాయించే బిల్ సమ్మర్స్ బీరు సీసాలో ఊదుతూ, మధ్యలో గొంతు కలుపుతూ వాయించాడు. మధ్య ఆఫ్రికా అడవుల్లో బాబెంజెలే పిగ్మీ తెగవాళ్ళు ఒంటి స్వరం పలికే చిన్న పిల్లనగ్రోవిని ఇలాగే గొంతుతో కలిపి వాయిస్తారు, ఆయన పట్టుకున్నది ఆ పద్ధతినే. జాజ్ మీద పుస్తకాలు చదివి వినే మా ఫ్రెండొకడు దాన్ని ఫ్లూట్ అనుకున్నాడు! చదువుకుని రావాలి, ముందు పాత జాజ్ అంతా వినాలి, అప్పుడే ఇలాంటి ఫంక్ (బేస్, డ్రమ్స్ దరువు ముందుండే డాన్సు సంగీతం) వైపు రావాలి అనేవాళ్ళు మీకు తగులుతారు. తల ఊపి పంపించేయండి.

ఈ పాటను హాన్‌కాక్ 1962లోనే తన మొదటి ఆల్బమ్ ‘టేకిన్ ఆఫ్’లో మామూలు పియానోతో వాయించాడు. ముందు ఈ 1973 ఆల్బమ్‌లోది వినండి, తర్వాత పాతది. రెండింట్లోనూ ఉన్నదొకటే బాణీ, కానీ కొత్తదాంట్లో నడక మందగించి, బరువెక్కి, కాళ్ళకు చుట్టుకుంటుంది. ఈయనేదో డాన్సు పాటలవాడని మాత్రం అనుకోకండి. 11 ఏళ్ళప్పుడే చికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో మొజార్ట్ వాయించిన పిల్లాడు, 1963 నుంచి కొన్నేళ్ళు జాజ్‌లో పెద్ద పేరున్న ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంలో పియానిస్టు. ‘హెడ్ హంటర్స్’కు ముందు కొన్నేళ్ళు గాలిలో తేలే సంగీతం చేసి, ఇక నేల మీద కాలు పెట్టాలనిపించి ఇటొచ్చాడు. డబ్బు కోసం జాజ్‌ను అమ్ముకున్నాడని అప్పట్లో తిట్టినవాళ్ళూ ఉన్నారు. నిజంగానే బాగా అమ్ముడుపోయింది, అది వేరే విషయం.

మూడోది ‘స్లై’, ఫంక్ గాయకుడు స్లై స్టోన్ పేరు మీద పెట్టింది. మధ్యలో వేగం ఒక్కసారిగా లేస్తుంది. బేస్ వాయించే పాల్ జాక్సన్, డ్రమ్స్ మీద మేసన్ ఒకరినొకరు తరుముకుంటారు. ప్యాడ్స్ వాయించేవాడిగా నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, కానీ మొదటిసారికి గందరగోళంగా ఉంటే వదిలేసి ముందుకు పోండి. చివరిది ‘వెయిన్ మెల్టర్’, నెమ్మదైన పాట, అందులో బాస్ క్లారినెట్ (కింది స్వరాలు పలికే ఊదుడు వాయిద్యం) గొంతు బాగుంటుంది. దాన్ని రాత్రికి అట్టిపెట్టుకోండి. నాలుగూ కలిపి 42 నిమిషాల లోపే.

నచ్చితే తర్వాత 1974లో వచ్చిన ‘థ్రస్ట్’ పట్టుకోండి. బ్యాండ్ అదే, డ్రమ్మర్ మాత్రం మారి మైక్ క్లార్క్ వచ్చాడు. అందులో ‘యాక్చువల్ ప్రూఫ్’ పెట్టి ‘ఒకటి’ ఎక్కడ పడుతుందో తొడ మీద కొట్టి చూడండి. మా బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించే పోరడు ఇప్పటికీ దాని మీద నాతో కొట్లాడుతనే ఉంటడు.