స్ట్రిప్‌లో పాజిటివ్, రాత్రి రక్తంలో నెగెటివ్: ఏది నమ్మాలి?

అమలాపురం దగ్గర మీ తమ్ముడికి ఫైలేరియా (బోదకాలు) స్ట్రిప్ పరీక్షలో పాజిటివ్ వచ్చి, రాత్రి తీసిన రక్తంలో ఏమీ కనపడలేదన్నారు. కాలు వాపు కూడా లేదు, ఏది నమ్మాలని అడిగారు. రెండూ నిజమే కావచ్చండీ. అవి వెతికేది ఒకటి కాదు.

రాత్రి తీసిన రక్తాన్ని గాజు పలక మీద పెట్టి చూసేది మైక్రోఫైలేరియాలను, అంటే పిల్ల పురుగులను. అవి పగలు ఊపిరితిత్తుల్లో ఉండి, రాత్రి క్యూలెక్స్ దోమ కుట్టే వేళకి చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అందుకే రాత్రి 10 నుంచి 2 మధ్య తీయాలి. ముందు ఎన్నింటికి తీశారో కనుక్కోండి. భోజనాల వేళకే వచ్చి తీసుకెళ్లి ఉంటే ఆ నెగెటివ్‌ని నేనైతే లెక్కచేయను. సరైన వేళకి తీసినా, చూసేది చుక్క రెండు చుక్కలే కాబట్టి పురుగులు తక్కువుంటే దొరకవు.

స్ట్రిప్ పట్టేది యాంటిజెన్‌ని, అంటే పెద్ద పురుగులు రక్తంలోకి వదిలే పదార్థాన్ని. పగలైనా చేయొచ్చు. కాకపోతే సరిగ్గా 10 నిమిషాలకు చదవాలి, ఆలస్యమైతే లేని గీత కనపడొచ్చు. మందు వేసుకున్నాక కూడా చాలాకాలం పాజిటివ్‌గానే ఉండొచ్చు, దాన్ని చూసి టెన్షన్ పడొద్దు.

యాంటీబాడీ (పురుగుకి ఎదురుగా మన ఒళ్లు తయారుచేసుకునేది) పరీక్షకి డబ్బు తగలేయకండి. ఎప్పుడో సోకి పోయినా అది పాజిటివ్ చూపిస్తుంది.

రెండు ఫలితాలూ పీహెచ్‌సీ డాక్టరుకి చూపించండి. వాపు లేకపోయినా డీఈసీ, ఆల్బెండజోల్ మందులు ఇస్తారు. ఇంట్లో మిగతావాళ్లకీ స్ట్రిప్ వేయమని అడగండి.