సొంతంగా కోడ్ రాయడానికి చేయి తిరగాలంటే

ప్రశ్న: నేను బి.కాం. చదివి, ఉప్పల్‌లో ఒక చిన్న సంస్థలో అకౌంట్స్ చూస్తున్నాను. అమీర్‌పేటలో మూడు నెలలు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కోర్సు చేశాను. సార్ బోర్డు మీద రాస్తుంటే అంతా అర్థమయ్యేది. ఇంటికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటే ఒక్క లైను కూడా తోచడం లేదు. స్నేహితులు చెప్పారని లీట్‌కోడ్ అనే కోడింగ్ లెక్కల సైట్ తెరిస్తే మొదటి లెక్కకే ధైర్యం పోయింది. నా స్థాయికి తగిన అభ్యాసాలు ఎక్కడ దొరుకుతాయి?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: మీ కోర్సు వృథా కాలేదు. ఇతరులు రాసిన కోడ్‌ను చదివి అర్థం చేసుకోవడం మీకు వచ్చింది. ఇక సొంతంగా రాయడానికి చేయి తిరగాలి. అందుకు ఒక పెద్ద ప్రాజెక్టును నెత్తిన వేసుకోవడం కంటే, పావుగంటలో తేలిపోయే చిన్న లెక్కలు వంద చేయడమే మేలని నా గట్టి అభిప్రాయం. లీట్‌కోడ్ మంచిదే గానీ, దాన్ని ఎక్కువగా వాడేది ఉద్యోగ ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యేవారు. కొన్ని నెలలు దాన్ని పక్కన పెట్టండి.

ముందుగా కోడింగ్‌బ్యాట్ తెరవండి. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు నిక్ పార్లాంటే రూపొందించిన ఈ సైట్‌లో పైథాన్, జావా భాషలకు చిన్న లెక్కలు ఉచితంగా ఉంటాయి. ఏమీ ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు. బ్రౌజర్‌లోనే కోడ్ రాసి నడిపితే, ఏ ఇన్‌పుట్‌కు మీ జవాబు సరిపోయిందో, దేనికి తప్పిందో పచ్చ, ఎరుపు రంగుల్లో వరుసగా చూపిస్తుంది. ఎరుపు కనిపించగానే జవాబు కోసం వెతకకండి. ఆ ఇన్‌పుట్‌ను కాగితం మీద పెట్టుకుని, మీ కోడ్ ఒక్కో లైనులో ఏం చేస్తోందో చేత్తో రాసి చూడండి. లెడ్జరులో తేడా వచ్చినప్పుడు పద్దులు ఒక్కొక్కటిగా సరిచూసే అలవాటు మీకు ఉండనే ఉంది, ఇక్కడ కావలసిందీ అదే.

ఆ తరువాత ఎక్సర్‌సిజం అనే ఉచిత వేదికకు వెళ్లండి. డెబ్బైకి పైగా భాషలకు అక్కడ అభ్యాసాలున్నాయి, ప్రతి లెక్కకూ మీ కోడ్ సరైన జవాబు ఇస్తోందో లేదో సరిచూసే టెస్టులు జతచేసి ఉంటాయి. మీరు కోరితే స్వచ్ఛందంగా పనిచేసే మెంటర్ ఒకరు మీ కోడ్ చదివి సూచనలిస్తారు. జవాబు సరైనదే అయినా ఇంతకంటే శుభ్రంగా ఎలా రాయవచ్చో చెప్పే మనిషి దొరకడం సామాన్యమైన విషయం కాదు. అంకెలంటే ఇష్టమైతే 2001లో మొదలైన ప్రాజెక్ట్ ఆయిలర్ కూడా చూడండి. అందులో మొదటి లెక్క 1000 కంటే తక్కువైన సంఖ్యల్లో 3కు గానీ 5కు గానీ గుణిజాలైనవాటి మొత్తం కనుక్కోమంటుంది. 10కి లోపు అయితే 3, 5, 6, 9 కలిపి 23 అని నోటితోనే చెప్పగలం. ముందు మీ ప్రోగ్రాంతో ఆ 23 రప్పించి, తరువాతే 1000కి వెళ్లండి.

నా వంతుగా ఒక లెక్క ఇస్తాను. ఏ సంవత్సరం ఇచ్చినా, ఆ ఏటి ఉగాదితో మొదలయ్యే తెలుగు సంవత్సరం పేరు చెప్పే ప్రోగ్రాం రాయండి. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లు పంచాంగం చూసి ఒక లిస్టులో పెట్టుకోండి. 1987లో వచ్చింది ప్రభవ, కాబట్టి ఇచ్చిన సంవత్సరం నుంచి 1987 తీసివేసి, 60తో భాగించగా మిగిలిన శేషమే లిస్టులో ఆ పేరు స్థానం. పైథాన్ లిస్టు సున్నా నుంచి లెక్కిస్తుంది గనుక 2024కు వచ్చే 37, ముప్పై ఎనిమిదో పేరైన క్రోధిని చూపాలి. ఇప్పుడు 1956 ఇవ్వండి. తీసివేస్తే −31 వస్తుంది. పైథాన్‌లో దాని శేషం 29, అంటే దుర్ముఖి, అది సరైన జవాబే. ఇదే లెక్కను సి భాషలో రాస్తే శేషం −31గానే మిగులుతుంది, అక్కడ మరో 60 కలపాలి. ఇది పూర్తయ్యాక సంవత్సరానికి బదులు తేదీ అడిగేలా మార్చండి; జనవరి నుంచి ఉగాది ముందు రోజు వరకు పాత పేరే నడుస్తుంది, ఉగాది తేదీ ఏటా మారుతుంది కూడా. అక్కడ ‘ఫలానాది నిజమైతేనే ఇది చేయి’ అని చెప్పే ఇఫ్ షరతు ఎందుకు కావాలో మీకే తెలుస్తుంది.

రోజూ అరగంట చాలు. ఒక లెక్క దగ్గర రెండు రోజులు ఆగిపోతే, మీ కోడ్‌నూ, తెర మీద వచ్చిన ఎర్రర్‌నూ ఉన్నదున్నట్టు రాసి మాకు పంపండి.