ఆపగానే మళ్లీ చీము: మోకాలి ఇంప్లాంట్ ఇన్ఫెక్షన్ గురించి

నాన్నగారిని అనంతపురం నుంచి బెంగళూరు తీసుకొచ్చి మోకాలి మార్పిడి చేయించామని, యాంటీబయాటిక్స్ వాడినన్నాళ్లూ బాగుండి, ఆపగానే మళ్లీ చీము వస్తోందని రాశారు. ఒంట్లో శక్తి లేకనే అనుకోకండి, షుగర్ అదుపులోనే ఉందన్నారుగా. స్టెఫైలోకాకస్ లాంటి బ్యాక్టీరియా ఇంప్లాంట్ (లోపల అమర్చిన కృత్రిమ కీలు) మీద జిగురు పొర కట్టుకుని గుంపుగా బతుకుతుంది. అదే బయోఫిల్మ్. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరతాయి గానీ అంత ముద్దను మింగలేవు. మింగలేక తమ ఎంజైములను బయటికి వదిలేస్తాయి. దాంతో చుట్టూ ఉన్న కణజాలమూ దెబ్బతింటుంది, వాపు తగ్గదు. పొర లోపల కొన్ని బ్యాక్టీరియా దాదాపు నిద్రలో ఉంటాయి. చాలా యాంటీబయాటిక్స్ చురుగ్గా పెరిగే వాటినే బాగా చంపుతాయి కాబట్టి, మందు ఆపాక ఇవి మళ్లీ లేస్తాయి.

డాక్టరు మళ్లీ ఆపరేషన్ అన్నది అందుకే అయ్యుంటుంది, డబ్బు కోసమేనని టెన్షన్ పడకండి. ఇంప్లాంట్ ఉంచి కడుగుతారా, తీసి కొత్తది వేస్తారా అని అడగండి. ఇన్ఫెక్షన్ పాతబడితే ఉంచి కడగడం సాధారణంగా నిలవదు. ఇంకోటి, ఇంట్లో మిగిలిన మాత్రలు మీ అంతట మీరే వేసేయకండి. అలా వేస్తే, కీలులోని నీరు కల్చర్‌కు (క్రిమిని పెంచి ఏదో గుర్తించే పరీక్షకు) పంపినా క్రిమి దొరక్కపోవచ్చు.