నాలుగడుగుల బల్లకు ఒంటి పెట్టె రైలే సరి

నాలుగడుగుల బల్ల మీద మోడల్ రైలు (బొమ్మ రైలు) వేస్తూ, ఇంజన్‌కి ఐదు పెట్టెలు తగిలిస్తే ఇంజన్ తన తోకనే తరుముతున్నట్టుంది, పెట్టెలు తీసేస్తే నిజం రైలులా ఉండదు అన్నారు కదా. ఉంటుందన్నా, టెన్షన్ పడకండి. మన కాకినాడ-కోటిపల్లి లైన్ చూడండి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీకేశారు, 2004లో మళ్లీ తెరిచారు, ఆ తర్వాత ద్రాక్షారామం మీదుగా ఏళ్ల తరబడి తిరిగింది ఒకే ఒక్క పెట్టె ఉన్న రైల్‌బస్, అంటే విడిగా ఇంజన్ లేకుండా పట్టాల మీద తనంతట తానే నడిచే బస్సు లాంటి పెట్టె! రెండు చివరలా డ్రైవర్ క్యాబిన్ ఉంటుంది కాబట్టి ఇంజన్‌ని ఒక చివర నుంచి రెండో చివరకి మార్చడానికి లూప్ లైన్ (పక్క పట్టా) కూడా అక్కర్లేదు. ఒక పొట్టి ప్లాట్‌ఫామ్, పక్కన వరిచేను, నాలుగు కొబ్బరిచెట్లు పెట్టండి చాలు.

లేదు, ఇంజన్ ఉండాల్సిందే అంటే ఊటీ రైలు చేయండి. మెట్టుపాళయం నుంచి కూనూరు ఎక్కేటప్పుడు ఆవిరి ఇంజన్ వెనక నుంచి తోస్తుంది, అన్నిటికంటే ముందున్న పెట్టె అంచున బ్రేక్స్‌మన్ (బ్రేకులు వేసే ఉద్యోగి) జెండాలతో నిలబడి దారి చూస్తుంటాడు. నాకైతే ఆ మనిషి బొమ్మ ఒక్కటి పెడితేనే ప్రాణం లేచొస్తుంది. మూడు పెట్టెలు సరిపోతాయి.

తోసేటప్పుడు మాత్రం తేలిక పెట్టెలు వంపుల్లో పట్టాలు తప్పుతాయి. నేను రూపాయి బిళ్లలు పెట్టె లోపల నేలకి, సరిగ్గా చక్రాల పైన అంటించాను, పట్టాలు తప్పడం ఆగిపోయింది. ఎడమ వంపు వెంటనే కుడి వంపు రానివ్వకండి, మధ్యలో కనీసం పెట్టె పొడవంత తిన్నని పట్టా వేయండి.