300 డాలర్ల రైఫిల్‌కు 500 డాలర్ల రెడ్‌డాటా?

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. గ్రీన్‌కార్డు వచ్చాక సరదాగా రూగర్ 10/22 రైఫిల్ కొనుక్కున్నాను. రెండు వారాలకోసారి రేంజ్‌కి వెళ్లి 25, 50 గజాల్లో కాగితం టార్గెట్ల మీద వంద రౌండ్ల దాకా కాలుస్తాను. దానికి రెడ్‌డాట్ సైట్ (గాజులో వెలిగే ఎర్రచుక్కని టార్గెట్ మీద పెట్టి గురిచూసే పరికరం) పెట్టించాలని ఉంది. చూస్తే 35 డాలర్ల నుంచి 900 దాకా ఉన్నాయి. ఒక స్నేహితుడు ‘ఏమ్‌పాయింట్ ప్రో తీసుకో, 500 డాలర్లే కదా, ఆరు వాయిదాల్లో కట్టెయ్’ అంటున్నాడు. నాకు కళ్లద్దాలున్నాయి. ఎంతలో కొంటే సబబు? సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు మా బావమరిది ఎయిర్ రైఫిల్‌కి కూడా ఒకటి పట్టుకెళ్లొచ్చా?

జవాబు: పన్నుతో, సైట్‌ని రైఫిల్ మీద బిగించడానికి వేసే గాళ్ల పట్టీతో (రైలు) కలిపి 175 డాలర్లు దాటకండి. మీ స్నేహితుడు చెప్పింది చెడ్డ వస్తువేం కాదు. ఏమ్‌పాయింట్‌కి మీరిచ్చే డబ్బు దెబ్బలు తట్టుకునే గట్టితనానికి, 45 మీటర్ల లోతు నీళ్లలో మునిగినా పనిచేసే సీలింగ్‌కి. మీ రైఫిల్‌లో వాడే పాయింట్ 22 ఎల్ఆర్ తూటాకి వెనక్కి తన్నడమే ఉండదు, మీది నీడపట్టున కాల్చే రేంజ్. ఆ గట్టితనం మీకు ఒక్కరోజు కూడా అక్కరకు రాదు. పైగా అది మౌంటుతో (సైట్‌ని రైలుకి పట్టి ఉంచే బిగింపు) కలిపి 330 గ్రాములు, ఏఆర్-15 అనే వేరే రకం రైఫిల్ ఎత్తుకు సరిపడే స్పేసర్‌తో (ఎత్తు పెంచే దిమ్మ) వస్తుంది. 10/22 కట్ట (చెంప ఆనించే వెనకభాగం) కిందికి ఉంటుంది కాబట్టి అంత ఎత్తున పెడితే చెంప కట్టకు ఆనదు, గడ్డం గాల్లో వేలాడుతుంది. చెంప ప్రతిసారీ ఒకేచోట ఆనకపోతే ఎంత ఖరీదైన చుక్కయినా గురి కుదరదు.

లెక్క చూద్దాం. 500 డాలర్ల మీద 8.25 శాతం అమ్మకం పన్ను కలిపితే 541.25. సుమారు 130 డాలర్ల రెడ్‌డాట్, 30 డాలర్ల రైలు, పన్ను కలిపి 173.20. తేడా 368 డాలర్లు. రౌండుకి పది సెంట్లు వేసుకున్నా 3,600 రౌండ్లు పైమాటే. మీరు కాల్చే వేగానికి అది ఏడాదిన్నర సరుకు. చేతికి గురి కుదిరేది ఆ రౌండ్లతోనే.

వాయిదాల సంగతి. వడ్డీ లేదంటారు, వేళకు కట్టినంతకాలం నిజమే. కానీ ఆ మొత్తం క్రెడిట్ కార్డు మీద పడి, ఏడాదికి 24 శాతం చొప్పున మొదటి నెలే 10.80 డాలర్ల వడ్డీ పడిందంటే రెండు డబ్బాల తూటాలు గాల్లో కలిసినట్టే. సరదా వస్తువుకి వాయిదా అవసరమైందంటే, అది ఈ నెల కొనాల్సింది కాదని అర్థం. థాంక్స్‌గివింగ్ సేల్ దాకా ఆగండి, ఈ ధరలోనివి అప్పుడు ఇంకొంచెం దిగుతాయి.

ఇక ఏది? 130 లోపు దొరికితే సిగ్ సావర్ రోమియో 5, హోలోసన్ హెచ్‌ఎస్403బి చూడండి. సేల్‌లో అంతకు దిగితే వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ కూడా. మూడింటిదీ 2 ఎంఓఏ చుక్క, మూడూ సీఆర్2032 నాణెం బ్యాటరీతోనే నడుస్తాయి. ఎంఓఏ అంటే బెదరక్కర్లేదు, అది చుక్క సైజుని చెప్పే కోణం కొలత. ఒక ఎంఓఏ వంద గజాల్లో దాదాపు ఒక అంగుళం. మీ 50 గజాల్లో 2 ఎంఓఏ చుక్క అంగుళం మేర కప్పుతుంది, 6 ఎంఓఏ అయితే మూడంగుళాలు. ఇనుప పలకల మీద చకచకా కొట్టేవాళ్లకి పెద్ద చుక్క హాయి, కాగితం మీద తూటా రంధ్రాలన్నీ దగ్గరదగ్గరగా గుంపుగా పడాలనుకునే మీకు చిన్నదే మేలు. రోమియో 5తో పొట్టి మౌంటు, పొడుగు మౌంటు రెండూ వస్తాయి. పొట్టిదే బిగించండి. వోర్టెక్స్‌కి జీవితకాల వారంటీ, రశీదు కూడా అడగరు, రేపు మీరు అమ్మినా కొన్నవాళ్లకి వర్తిస్తుంది. పాతది అమ్మేటప్పుడు అది ధర నిలబెడుతుంది.

ఇంకా తగ్గాలంటే బుష్నెల్ టీఆర్‌ఎస్-25 ఉంది, చుక్క 3 ఎంఓఏ. కానీ ఆర్పడం మరిచిపోతే మూడు వేల గంటల్లో, అంటే నాలుగు నెలల్లో బ్యాటరీ ఖాళీ. కదలగానే వెలిగి, కదలిక ఆగితే ఆరిపోయే రోమియో 5కి ఆ బాధ లేదు. దాని బ్యాటరీకి చెప్పే 40,000 గంటలు, హోలోసన్‌కి చెప్పే 50,000 గంటలు మధ్యస్థ వెలుగులో లెక్కగట్టినవి. పూర్తి వెలుగులో అంతకాలం రావు. ఇంట్లో చంటిపిల్లలుంటే ఆ నాణెం బ్యాటరీలని రైఫిల్‌లాగే తాళం వేసి ఉంచండి, మింగితే ప్రాణాంతకం.

50 డాలర్ల లోపువి వద్దు. ఆ ధరలో దొరికేవి చాలావరకు ఎయిర్‌సాఫ్ట్ బొమ్మతుపాకుల కోసం చేసినవే, పైన అచ్చం పెద్ద కంపెనీ పేరే ఉంటుంది. లోపల సర్దుబాటు స్క్రూలు జారిపోతాయి, ఇవాళ కుదిర్చిన గురి వచ్చేవారం ఉండదు. దాన్ని మళ్లీ మళ్లీ కుదర్చడానికి కాల్చే తూటాల ఖర్చు కలిపితే చవక కాదని తెలుస్తుంది.

రైలు గురించి మరిచిపోకండి, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. రైలు గాళ్లకి వీవర్, పికాటినీ అని రెండు కొలతలున్నాయి. 10/22తో వచ్చే అడాప్టర్‌ది వీవర్ రకం, దాని గాడి వెడల్పు 0.180 అంగుళం, పికాటినీది 0.206. పికాటినీ మౌంటు అడ్డకడ్డీ వీవర్ గాడిలో దిగకపోవచ్చు. బలవంతాన బిగిస్తే పైకి తేలి కూర్చుంటుంది. అందుకే 30 డాలర్ల పికాటినీ రైలు వేరుగా వేయమన్నది. స్క్రూలు వదులవకుండా నీలం లాక్‌టైట్ (స్క్రూలకి వేసే జిగురు) ఒక్క చుక్క చాలు. ఎర్రది పోస్తే తర్వాత వేడి చేస్తే గానీ ఊడదు.

కొన్నాక, వాపసు గడువు ముగియకముందే ఒక పరీక్ష చేయండి. 25 గజాల్లో ఇసుక సంచి మీద రైఫిల్ ఆనించి ఎప్పుడూ ఒకే గుర్తు మీద మూడు రౌండ్లు కాల్చండి. సైట్ సర్దుబాటు స్క్రూ తిప్పి గురిని రెండంగుళాలు పైకి జరిపి, మళ్లీ మూడు కాల్చండి. అలాగే కుడికి, కిందికి, ఎడమకి. చివరి గుంపు మొదటి గుంపు మీదే పడాలి. ఆ దూరంలో ఒక ఎంఓఏ అంటే పావంగుళం, కాబట్టి స్క్రూ తిప్పినప్పుడు పడే ఒక్కో క్లిక్ ఒక ఎంఓఏ అయితే 8 క్లిక్కులు, అర ఎంఓఏ అయితే 16. మొత్తం 15 రౌండ్లు, ఒకటిన్నర డాలర్. తిరిగి మొదటి చోటికి రాకపోతే పెట్టెలో పెట్టి వెనక్కి పంపండి.

కళ్లద్దాలన్నారు కదా, అందులో సిలిండర్ పవర్ ఉందా? ఆస్టిగ్మాటిజం (కంటి వంపు సమంగా లేకపోవడం, దానికే సిలిండర్ పవర్ ఇస్తారు) ఉంటే చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలా, ద్రాక్షగుత్తిలా కనిపిస్తుంది. సైట్ పాడైందనుకుని మార్చేసేవాళ్లున్నారు. సైట్‌ని చేత్తో పట్టుకుని తిప్పండి. మరక కూడా తిరిగితే తప్పు సైట్‌ది, కదలకుండా అలాగే ఉంటే కంటిది. వెలుగు తగ్గిస్తే కొంత నయమవుతుంది. అప్పటికీ కుదరకపోతే వెలిగే చుక్కకి బదులు గాజు మీద గురి గీత చెక్కిన, దేన్నీ పెద్దది చేసి చూపని (ఒకటో పవర్) ప్రిజమ్ సైట్ తీసుకోవాలి, సుమారు 250 డాలర్లు. నేను గీసిన 175 గీత దాటడానికి ఇదొక్కటే కారణంగా ఒప్పుకుంటాను. అందుకే ఆర్డర్ పెట్టేముందు దుకాణానికి వెళ్లి ఒకసారి కన్ను పెట్టి చూడండి.

మీకు గ్రీన్‌కార్డుంది కాబట్టి సరే. హెచ్1బి మీద ఉండి ఇది చదువుతున్నవాళ్లు జాగ్రత్త: వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప తుపాకీ, తూటాలు దగ్గరుంచుకోవడం ఫెడరల్ నేరం. రేంజ్‌లో అద్దెకు తీసుకోవడమూ అందులోకే వస్తుంది.

బావమరిదికి మాత్రం వద్దు. తుపాకీ సైట్లు అమెరికా ఎగుమతి నియంత్రణల కిందికి వస్తాయి, సూట్‌కేసులో పడేసుకుని వెళ్లే సరుకు కాదు. వెళ్లినా ఆయనది స్ప్రింగ్ రకం అయితే ముందుకీ వెనక్కీ తన్నుతుంది, ఆ రెండువైపుల కుదుపుకి మామూలు రెడ్‌డాట్లు విడిపోతాయి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీల మీద ఆయనకు మనసుంటే అసలు అక్కడ రెడ్‌డాట్‌ని ఒప్పుకోరు, పీప్‌సైటే (చిన్న రంధ్రంలోంచి చూసి గురిపెట్టేది) వాడాలి. ఊరెళ్లాక అక్కడే నాలుగు డబ్బాల మంచి పెలెట్లు కొనిపెట్టండి.